నీ రక్తమే నీకు మందు

గాజు మెడ విరిగిన చప్పుడు విని నేను మొదటిసారి భయపడ్డాను. పెద్ద చప్పుడేమీ కాదు, వేరుశనక్కాయ ఒలిచినంత. నౌపడ స్టేషనుకి దగ్గర్లో ఒక ఇంటి ముందుగదిలో, పచ్చ తెరకి ఇవతల బెంచీ మీద కూర్చుని ఉన్నాను. తెరకి అవతల మా ఆయన చొక్కా విప్పుకుని మంచం అంచున కూర్చున్నాడు. అందరూ బంగారం డాక్టరు అని పిలిచే అతను పక్కన నిలబడి ఏదో హాస్యమాడాడు. మా ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ‘టిక్’మని వినిపించింది.

ఆ చప్పుడు నాకు తెలుసు. మా మావయ్యని డయాలసిస్‌కి తీసుకెళ్లిన రోజుల్లో తోడు వెళ్లింది నేనే. అక్కడ నర్సులు చిన్న గాజుసీసా మెడ బొటనవేలితో విరిచి, లోపలి మందు సిరంజిలోకి లాగడం కళ్లారా చూశాను. మందు ఉంటేనే ఆ సీసా ఉంటుంది. ఇక్కడ మందే లేదని కదా మేం పూండిలో పాసింజరెక్కి వచ్చింది! నా ఎదురుగా గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది కూడా: మాత్ర లేదు, మందు లేదు, నీ రక్తమే నీకు మందు.

"లోపలేదో విరిగినట్టుంది, ఏటండి అది?" అని బెంచీ మీంచే అడిగాను.

తెర సందులోంచి తల బయటపెట్టాడు. "నీళ్లు సెల్లీ. మిషన్లోంచొచ్చిన సరుకు సిక్కగుంటాది, కాసిన్ని నీళ్లు కలపాల. సదువుకున్నదానివి, నీకు నాను సెప్పాలేటి?" అన్నాడు. బెంచీ మీద ఉన్నవాళ్లందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

నిన్న సాయంత్రం అతను పోయాడని కబురు వచ్చింది. రైల్లోనే గుండె ఆగిపోయిందట. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "బంగారం లాటోడు. దేవుడికి ఇలాటోలే కావాల. పనికిమాలినోలు నూరేల్లుంటారు" అంది. చూస్తుండగానే ఫోన్ల నిండా అతని ఫొటో. దండ వేసి, దీపం పెట్టి, కింద ‘బంగారం డాక్టరు గారికి కన్నీటి వీడ్కోలు’ అని. ఆ ఫొటోలో కూడా గాజు గొట్టం ఒకటి వెలుతురుకెత్తి పట్టుకుని నవ్వుతున్నాడు.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. మంచి చెప్పడానికి ఊరంతా ఉంది. పిల్లలు మధ్యాహ్నం కునుకులో ఉన్నారు కాబట్టి, నాకు తెలిసింది నేను రాసుకుంటున్నాను.

అతనికి ముందు వరస కావాలి. కొత్త మనిషి గుమ్మంలో చెప్పులు విడిచేలోపే "ఏ ఊరు? ఏ ఇంటోలు?" అని అడిగి వరస కలిపేసేవాడు. పెద్దావిడ పిన్ని, పెద్దాయన మావ, మధ్య వయసు మగవాడు బావ. "మాది రామతీర్థం పక్కనే. మీ యాసే నాది, మీ కూడే నాది" అనేవాడు. మా ఆయన్ని చూసిన నిమిషంలోనే "రా బావా" అన్నాడు. మా ఆయన్ని నేను పిలిచే పిలుపు అది. నా మేనత్త కొడుకు మరి. ఆ పిలుపు పరాయి నోట వింటే నా చీర ఇంకెవరో కట్టుకు తిరుగుతున్నట్టు అనిపించింది. మా ఆయన బావ అయ్యాక నేను చెల్లెల్ని, మా పిల్లలకి అతను మేనమామ. ఒక్క మాటతో ఇంటిల్లిపాదినీ చుట్టాల్ని చేసుకున్నాడు. చెల్లెలు అన్నని పట్టుకుని ‘ఆ సీసాలో ఏముంది?’ అని అడిగితే ఏం మర్యాద?

రక్తం తీసే ముందు వేలికున్న ఉంగరం తీసి రోగి అరచేతిలో పెట్టేవాడు. "గట్టిగా పట్టుకో. నా ఉంగరం నీకాడున్నంతసేపు నాను ఎక్కడికీ పోను" అనేవాడు. పిడికిలి బిగిస్తే నరం పైకి తేలుతుంది, అంతే సంగతి. దానికి రబ్బరు బంతి చాలు. కానీ ఉంగరం చేతికిస్తే మనిషి మనసు కూడా చేతికిచ్చినట్టు ఉంటుంది. ఉప్పు మళ్లలో పనిచేసి పాదాలు పగుళ్లు వారిన ముసలాయన ఒకాయన ఆ ఉంగరాన్ని కళ్లకద్దుకోవడం నేను చూశాను. ఎంతమంది చేతులు మారిందో ఆ ఉంగరం. ఒక్కసారైనా స్పిరిట్ దూదితో తుడవడం చూడలేదు.

రక్తం గొట్టాన్ని గిర్రున తిప్పే అతని మిషను చిన్న ప్రెషర్ కుక్కరంత ఉండేది. చక్రాల సంచిలో పెట్టుకుని ఆదివారం ఆదివారం శ్రీకాకుళం నుంచి రైల్లో తెచ్చేవాడు. అది తిరిగేటప్పుడు టేబులు మీద నడిచిపోకుండా కింద తడి తువ్వాలు పరిచేవాడు. అది తిరుగుతున్నంతసేపూ కూర్చునేవాడు కాదు. దువ్వెన తీసి తల దువ్వుకునేవాడు, కాలరు సర్దుకునేవాడు, కిటికీ రెక్క కొంచెం తెరిచేవాడు. తర్వాత గొట్టాన్ని ఆ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకునేవాడు. అడుగున చిక్కటి ఎరుపు, పైన తేనె రంగు. "సూడు మావా. నీలోన ఇంత బంగారం పెట్టుకుని మట్టి పిసుకుతన్నావు" అనేవాడు. గదిలో వాళ్లంతా మెడలు సాచి చూసేవారు. తమ ఒంట్లోంచి వచ్చినదాన్ని అంత అందంగా వాళ్లకి అంతకు ముందు ఎవరూ చూపించలేదు.

చెప్పడం కూడా బాగా వచ్చు. "డెంగీ వస్తే పడిపోయినాయని ఏడుస్తారు కదా, ఆ ప్లేట్‌లెట్లే ఇవి. దెబ్బ తగిల్తే ముందు పరిగెట్టుకొచ్చీవి ఇవే. రక్తమంతా తిరుగుతుంటాయి కాబట్టి దెబ్బకాడికి సాలినన్ని రావు. మిషన్లో ఏసి పోగుసేసి, నరం సిరిగిన సోట దింపితే, అవే అతుకేసుకుంటాయి." మా వైపు కండనీ ఎముకనీ కలిపే తాళ్లన్నీ నరాలే. అసలు నరాలూ నరాలే. ఆ తేడా పక్కన పెడితే, అతను చెప్పినదాంట్లో పెద్ద అబద్ధం లేదు. తర్వాత నేను అడిగిన ఎముకల డాక్టరు కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. మోచేతి నొప్పికి, మరీ అరిగిపోని మోకాలికి, కొన్ని రకాల చిరుగుళ్లకి ఈ తేనె రంగు ప్లాస్మా కొంత పనిచేయవచ్చు, అందరికీ కాదు, స్కాన్‌లో చూసి, శుభ్రమైన చోట, సరిగ్గా ఆ చోటనే దింపాలి అని. అతను పూర్తిగా అబద్ధాలకోరు అయితే నాకింత కోపం ఉండేది కాదేమో. నిజాన్ని తెరకి ఇవతల పెట్టి, అవతల తన పని కానిచ్చేవాడు. అదీ నా కోపం.

ఎవరికైనా బాగైతే "నాది కాదు గొప్ప, నీ రక్తానిది" అని దణ్ణం పెట్టేవాడు. ఎంత వినయం అనుకునేదాన్ని. బాగు కాకపోతే ఏమనేవాడో అప్పటికి నాకు తెలియదు.

మాది ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి, పనస. బయటివాళ్లకి మేము తెలిసేది కిడ్నీల జబ్బు వల్లే. మా వీధిలో ఆడవాళ్లు బోరింగు దగ్గర "కూరేటి?" అని అడిగినట్టే "క్రియాటిన్ ఎంతొచ్చినాదే?" అని అడుగుతారు. కిడ్నీల రక్తపరీక్షలో వచ్చిన ఆ అంకెని బట్టి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవడం మానేస్తారు. నొప్పి మాత్ర కిడ్నీలకి చేటు అని చిన్నపిల్లలకి కూడా తెలుసు. కాలు బెణికినా, నడుం పట్టేసినా మాత్ర మింగరు. పళ్లు బిగించి కొబ్బరినూనె రాసుకుంటారు. మా మావయ్య పోయాక మా ఇంట్లో అయితే తలనొప్పి మాత్ర కూడా దాచిపెట్టే వస్తువైంది. మా ఆయన అంకె అప్పటికే హద్దుకి ఆనుకుని ఉంది.

అలాంటి చోటికి ‘మాత్ర లేదు, మందు లేదు’ అని వచ్చాడు అతను. మమ్మల్ని చదివే వచ్చాడు.

మా ఆయన భుజం పనసకాయల దగ్గర పోయింది. లారీకి ఎక్కించేటప్పుడు కింద నుంచి ఒకరు విసురుతారు, పైనున్నవాళ్లు పట్టుకుని పేరుస్తారు. మా ఆయన ఎప్పుడూ పైనే. కింద ఉన్నవాడు చూడకుండా విసిరిన కాయని పక్కకి వంగి ఒంటిచేత్తో అందుకున్నాడు. కాయ జారలేదు, భుజం జారింది. ఆ తర్వాత చెయ్యి చెవి దాకా లేచేది కాదు. తల నేనే దువ్వేదాన్ని. పాప నవ్వేది, "నాన్నకి నువ్వు జడలేస్తన్నావా?" అని.

నౌపడ నుంచి తిరిగొచ్చిన ఆ మొదటి ఆదివారం సాయంత్రమే మా ఆయన అద్దం ముందు నిలబడి తల తనే దువ్వుకున్నాడు. మా అత్త గోడనున్న మావయ్య ఫొటో వైపు తిరిగి ఏడ్చింది. "ఈయనకి ఇలాటోడు దొరికుంటే ఇంకా బతికీవోడు" అంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇల్లంతా పండగ. నాకు మాత్రం భయం వేసింది. రైల్లో వస్తూ ఫోన్లో చదువుకుంటూనే వచ్చాను. ప్లాస్మా దింపిన చోట ముందు రెండు మూడు రోజులు నొప్పి ఎక్కువవుతుంది, బాగవడం మొదలైతే అది వారాల మీద మెల్లగా సాగే పని అని ఉంది. ఈయన చెయ్యి గంటల్లో లేచింది.

"ఎన్ని సూదులేశాడు బావా?" అన్నాను.

"రెండు. ఒకటి బుజానికి, ఒకటి తుంటికి."

"తుంటికెందుకు? దెబ్బ భుజానికి కదా."

"బలానికట."

"బలం సూది అని ముందు చెప్పాడా?"

దువ్వెన అక్కడ పెట్టి నాకేసి చూశాడు. "నీకు మడిసి బాగుంటే బయ్యం, బాగుండకపోతే బయ్యం. ఏటి సెయ్యమంటావు నన్ను?"

"ఆ చప్పుడు విన్నాను నేను. మందుసీసా అది."

"ఆయన నీల్లన్నాడు కదే. నీ సదువంతా నా మీదే సూపిస్తావేటి?"

మా అత్త అందుకుంది. "ఒలే, తగ్గినాది కదా. తగ్గితే ఎందుకు తగ్గినాదని ఎవులైనా ఏడుస్తారేటే?"

ఏడుస్తారు. నేను ఏడిచాను, దొడ్లో గిన్నెలు తోముతూ.

ఆ తర్వాత ఆదివారాలు మా ఆయన ఒక్కడే వెళ్లొచ్చాడు. వెళ్లొచ్చినప్పుడల్లా చెయ్యి తేలిగ్గా లేచేది, వారం మధ్యకి మళ్లీ వాలిపోయేది. వస్తూ పిల్లలకి సూది తీసేసిన ఖాళీ సిరంజిలు తెచ్చేవాడు, ‘సూది మావ ఇచ్చినాడు’ అని, అతను ఒక కన్ను మూసి గొట్టం ఎలా చూస్తాడో చేసి చూపిస్తూ. ఆ సిరంజిలతో పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చిమ్ముకునేవారు. ఒకరోజు చెప్పులు విడిచినప్పుడు మా ఆయన పాదాల మీద చెప్పు పట్టీ అచ్చు లోతుగా పడి ఉంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. మా మావయ్య జబ్బు కూడా పాదాల వాపుతో అలాగే మొదలైంది.

ఆ వచ్చే ఆదివారం నేనూ వెళ్లాను. బెంచీ మీద కూర్చోలేదు, తెర పక్కనే నిలబడ్డాను. రక్తం తీయడం, మిషను తిరగడం, కిటికీ దగ్గర బంగారం చూపించడం అన్నీ అయ్యాయి. తెర పడింది. ‘టిక్’మనగానే తోసుకుని లోపలికి వెళ్లాను.

మా ఆయన మంచం మీద పక్కకి ఒత్తిగిల్లి ఉన్నాడు. పిడికిలి బిగించి ఉంది, లోపల అతని ఉంగరం. అతను మందు సిరంజిలోకి లాగేసి, విరిగిన సీసాని దూదిలో చుట్టి జేబులో వేసుకోబోతున్నాడు.

"లోపలికి రాకూడదు సెల్లీ, ఇన్ఫెక్షనొస్తాది."

"ఉంగరంతో రాదా?" అన్నాను. "అదిటివ్వండి."

ఇవ్వలేదు, కానీ లాక్కుంటే చెయ్యి బిగించనూ లేదు. దూది విప్పి చదివాను. డైక్లోఫెనాక్. మాత్రగా అయితే మా ఊళ్లో ఎవరూ నోట్లో వేసుకోని మందు. మా ఊరి మందుల షాపతను మనిషి మొహం చూసి, ఇంటి పేరు అడిగి, అమ్మడానికి వెనకాడే మందు.

"నీళ్లన్నారు" అన్నాను.

అతను కంగారు పడలేదు. దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. "మరేటి సెయ్యమంటావు? ఉత్త ప్లాస్మా దింపి పంపిస్తే నాలుగు రోజులు నొప్పితో సస్తాడు. పక్కింటోలకి సెప్తాడు. మల్లా ఎవులొస్తారు? మడిసన్నోడు ఇక్కడ్నుంచి నవ్వుతా ఎల్లాల."

"వాళ్ల నాన్న కిడ్నీలు పోయి చనిపోయాడని మీకు మొదటి రోజే చెప్పాం. మాత్ర వద్దనే మీ దగ్గరికి వచ్చాం."

"మాత్ర ఇచ్చానేటి?"

ఆ మాట మామూలుగానే అన్నాడు. ఎదురు తిరిగినట్టు కాదు, నిజంగానే సందేహం వచ్చినట్టు. ఆ తర్వాత అతను నా వైపు చూడలేదు. మంచం అంచున కూర్చుని మా ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. అంతవరకూ ఎవరి దగ్గరా అతను కూర్చోవడం నేను చూడలేదు.

"బావా, నీ మనసు కష్టపడతాదని నీకు సెప్పలేదు. నీ రక్తంలో పస నేదు. మీ నాన్న కాన్నుంచి వచ్చినాది అది. అందరికీ బంగారం వస్తాది, నీకు గంజి వస్తన్నాది. ఆ గంజి ఒక్కటీ ఎక్కిస్తే నువ్వు లేస్తావా? అందికే తోడేసినాను. తప్పు నాది కాదు బావా. నీ రక్తానిది."

బాగు కాకపోతే ఏమంటాడో అప్పుడు తెలిసింది. అంతకు ముందు నిమిషమే ఆ గొట్టం కిటికీ దగ్గర పట్టుకుని "సూడు బావా బంగారం" అన్నవాడు.

మా ఆయన నన్ను చూడలేదు, అతన్నీ చూడలేదు. తన మోచేతి మడతలో అంటించిన దూది వంక చూసుకుంటున్నాడు. అది తనది కానట్టు, అంటకూడనిదేదో అంటినట్టు. నేను ఆయన పిడికిలి విప్పాను. వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఉంగరం తీసి తడి తువ్వాలు మీద పెట్టి "మీది మీ దగ్గరే ఉంచుకోండి" అన్నాను.

బయటికి వచ్చి బెంచీ మీద వాళ్లకి ఆ సీసా చూపించాను. "ఇది నొప్పి మందు. మనం మాత్రగా మింగడానికి భయపడతామే, అదే ఇది. మీ అందరికీ ఇదే వేస్తున్నాడు" అన్నాను.

ఉప్పు మళ్ల ముసలాయన సీసాని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మాత్ర కాదు కదమ్మా, సూదే కదా" అన్నాడు.

"అదే మందు తాతా. నోట్లోంచి వెళ్లినా తుంటిలోంచి వెళ్లినా కిడ్నీల దగ్గరికే వెళ్తాది."

"నోట్లో ఏసుకుంటే కదా కడుపులోకెల్తాది?"

మోకాలికి కట్టు కట్టుకున్న ఒకావిడ మొహం చిట్లించింది. "నీ మొగుడికి తగ్గించుకున్నావు. ఇక మమ్మల్ని తగ్గించుకోనీ తల్లీ. మా బేరం పాడు సెయ్యకు."

తెర వెనక నుంచి అతని గొంతు వినిపించింది. "తర్వాత ఎవులు? రా పిన్నీ, రా."

ఆవిడ లేచి కుంటుకుంటూ లోపలికి వెళ్లింది. ఒక్కరు కూడా బెంచీ మీంచి లేచి మా వెంట రాలేదు. తప్పు ఎక్కడుందో నాకు ఆ తర్వాత అర్థమైంది. మాత్ర అంటే హడలిపోవడం మాకు నేర్పారు. మాత్రలో ఏముంటుందో ఎవరూ చెప్పలేదు. ఆ ఖాళీలోకి అతను కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

మా ఆయన అంకె హద్దు దాటింది. పెద్దాసుపత్రిలో కిడ్నీల డాక్టరు అన్నీ విని "ఆ సూదుల వల్లే అని గీత గీసి చెప్పలేను. ముందే కొంత ఉంది కదా. కానీ ఈ మనిషికి అవి వెయ్యనే కూడదు" అన్నాడు. ఎముకల డాక్టరు అయితే నెత్తి కొట్టుకుంది. ప్లాస్మా దింపేటప్పుడు ముందూ వెనకా కొన్నాళ్లు అలాంటి నొప్పి మందులు ఆపిస్తామని చెప్పింది. అవి ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుంటాయట. అంటే, నీ రక్తమే నీకు మందు అని ఒక చేత్తో ఎక్కించి, ఆ మందుని పడగొట్టేదాన్ని రెండో చేత్తో ఎక్కించాడు. మా ఆయన రక్తానికి బాగుచేసే అవకాశం కూడా ఇవ్వకుండా, దాంట్లో పస లేదని తీర్పు చెప్పాడు.

నీళ్లు, పథ్యం, పరీక్షలు. అంకె కొంత దిగింది. పాత చోటికి రాలేదు. వస్తుందో రాదో డాక్టరు చెప్పడు, నేను అడగను. భుజానికి గోడ పట్టుకుని చేసే కసరత్తులు ఇచ్చారు. వాటితో చెయ్యి ఇప్పుడు చెవి దాటింది.

కిడ్నీ సంగతి కిడ్నీది. అతను దింపిన ఆ మాట మాత్రం ఏ పరీక్షలోనూ దిగడం లేదు. మా ఆయన ఏం చేసినా "నా రక్తంలోనే పస నేదు కదే, గంజే కదా" అంటాడు. కసరత్తు చెయ్యమంటే అదే మాట, పథ్యం కూర ముందు పెడితే అదే మాట. మా బాబుకి నాన్న కంచంలో ఆఖరి ముద్ద తినడం అలవాటు. ఆ ముద్ద మానేశాడు. వాడు నోరు తెరుచుకుని పక్కన నిలబడితే "ఎల్లు, అమ్మ పెడతాది" అని కంచం పక్కకి తిప్పుకుంటాడు. రోగం అంటుకోదు బావా అని ఎన్నిసార్లు చెప్పినా "ఆడికి నాది ఏదీ రాకూడదు" అంటాడు. కొడుకు తన పోలిక అని ఒకప్పుడు ఊరంతా చెప్పుకు తిరిగిన మనిషి.

నిన్న కబురు వినగానే మా ఆయన పెట్టెలోంచి ఉతికిన చొక్కా తీశాడు. తర్వాత "రేపు పొద్దున్నే అమ్మని తీసుకుని ఎల్లొస్తాను. ఆఖరి సూపు" అన్నాడు.

"ఎవరి చూపు? నీ కిడ్నీలు పాడుచేసినవాడిని చూడ్డానికా?"

"పోయినోడి మీద ఏటే కోపం?"

"పోయాడని నీకు పోయింది తిరిగొచ్చిందా బావా?"

"నాకు అబద్దమే సెప్పినాడనుకో. అయినా ఉద్దానపోడని తెలిసీ నన్ను బావా అన్నాడే. పెళ్లిళ్లకెల్తే మన పక్కన కూకోడానికే జడుస్తారు. ఆయన నా మోకాలి మీద సెయ్యేసి మాటాడినాడు."

అతను చెయ్యి వేసింది ఏ మాట కోసమో నేను చూశాను. మా ఆయన చూసింది చెయ్యినే.

అప్పుడే అరుగు మీద నుంచి పిల్లల మాటలు వినిపించాయి. పాప రెండో తరగతి, బాబు ఇంకా అంగన్‌వాడీకే వెళ్తున్నాడు. బచ్చలిపళ్లు నలిపి ఆ ఎర్రరసం సిరంజిలోకి లాగింది పాప.

"కూకో బావా. పిడికిలి బిగించు."

"నొప్పేస్తాదా?"

"ఏయదు. నీ రక్తమే నీకు మందు." సిరంజి వీధి దీపానికి ఎత్తి పట్టుకుని అచ్చు అతనిలాగే ఒక కన్ను మూసి చూసింది. "అయ్యో బావా! నీ రక్తంలో పస నేదు. నీకు గంజి వస్తన్నాది."

బాబు ఆట మర్చిపోయాడు. తన మోచేతి మడత చూసుకున్నాడు. "నాదీ నాన్న రక్తమేనేటి?" అన్నాడు.

నేను చెప్పేలోపు పక్కన మా ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఈ ఉదయం తెల్లవారకుండానే మా అత్తా, ఆయనా బయలుదేరి వెళ్లారు. నేను ఆపలేదు. చెప్పులు తెచ్చి ముందు పెట్టాను. పిల్లలకి పళ్లు తోమించి, పాలు తాగించి, ఇద్దర్నీ నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"సూది మావ సచ్చిపోనాడని నానమ్మ ఏడ్చినాది. నువ్వెందుకు ఏడవలేదు?" అంది పాప.

"ఆయన నాన్నకి అబద్ధం చెప్పాడు. అందుకని ఏడుపు రాలేదు" అన్నాను. "నాన్న రక్తం మంచిదే. మీదీ మంచిదే. పస లేని రక్తమని ఒకటి ఉండదు. నాన్నకి ఒంట్లో బాగోలేదు, మందులు వాడుతున్నాం, అంతే. ఆ మాట ఇంక ఆటల్లో కూడా అనకు." పాప తలూపింది. "ఇంకోటి. ఎవరైనా మీకు సూది వేస్తుంటే అందులో ఏముందో అడగండి. మావ అన్నా, బంగారం అన్నా అడగండి. చెప్పకపోతే చెయ్యి లాక్కుని వచ్చేయండి. అందరూ నవ్వినా సరే. నేను తిట్టను."

తర్వాత బాబుని ఒళ్లోకి తీసుకున్నాను. "ఈ రాత్రి నాన్న అన్నానికి కూర్చోగానే నువ్వు వెళ్లి కంచం ముందు కూర్చో. ఆఖరి ముద్ద దాకా అక్కణ్నుంచి లేవకు."

"ఎల్లు అంటే?"

"అంటే ఏడువు. గట్టిగా, వీధంతా వినబడేటట్టు ఏడువు. పెట్టేదాకా ఏడువు. నేను ఆపను" అన్నాను.